కేస్ స్టడీ: ‘ది బిగినింగ్’ నుంచి ‘ఇంకో ఇరవై ఫీట్లు’ దాకా

మా జిల్లాలోని నాంపల్లి నుంచి నలుగురు పిల్లలు రెండు బండ్ల మీద వచ్చారు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా పోస్టర్లు, ఫ్లెక్సీల షాపు మెట్లెక్కుతూనే ముందున్న అబ్బాయి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. అందులో వాళ్లే చేసుకున్న పోస్టర్ ఉంది. ఎర్రటి ఆకాశం, మధ్యలో బోరుబండి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు. టైటిల్ కింద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ది బిగినింగ్’.

"ఏం బిగినింగ్ తమ్మీ?" అన్నాను.

"సెకండ్ పార్ట్ ఉంటదన్నా."

"కథ రాసిండ్రా?"

"లేదన్నా. ఫస్టు పార్టు ఆడితే రాద్దామని."

యూట్యూబ్ కోసం తీస్తున్న ఆరు ఎపిసోడ్ల సిరీస్ అది. బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన ఒక కుటుంబం కథ. డబ్బు పెట్టేది డైరెక్టర్ మేనమామ. ఆయనకు దేవరకొండ రోడ్డులో మోటర్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటర్లు బాగుచేసిన డబ్బుతోనే బోర్ల మీద సిరీస్ తీస్తున్నారన్నమాట. నాకిచ్చిన పని టైటిల్ లెటరింగ్, పోస్టర్, ఆరు థంబ్‌నెయిళ్లు, రెండు ఫ్లెక్సీలు. ట్యాగ్‌లైన్, అంటే టైటిల్ కింద పెట్టే చిన్న లైను, అందులో లేదు. అది వాళ్లు తెచ్చుకున్నారు, నేను టైపు చేయాలి, అంతే.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్క, లోగోకు పీసు లెక్క. మాటకు మాత్రం మా దగ్గర రేటు లేదు. మాటకు డబ్బులడిగితే "నాలుగు మాటలకా?" అంటారు. అందుకే అందరూ ఊరికే దొరికే మాట తెచ్చుకుంటారు. ట్యాగ్‌లైన్లన్నీ ఒకేలా ఎందుకుంటాయని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి కారణం ఇదే. బుర్ర లేకపోవడం అన్నది ఆ తర్వాతి సంగతి.

పత్రికల సినిమా పేజీ చదివేవాళ్లకు ‘... అనేది ఉపశీర్షిక’ అన్న వాక్యం తెలిసే ఉంటుంది. టైటిల్ పక్కన ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ప్రెస్ నోట్‌లో ఆ వాక్యం రాయడానికి ఉండదు. మన సినిమాల్లో ఇది కొత్త జబ్బేం కాదు. రిక్షాకు మైకు కట్టి ‘నేడే చూడండి’ అని తిరిగిన రోజుల్లో ఏ పోస్టర్ చూసినా ‘సకుటుంబ సపరివార సమేతంగా చూడదగ్గ చిత్రం’ అనే ఉండేది. కత్తియుద్ధాల సినిమాకూ అదే, ఏడుపు సినిమాకూ అదే. దాన్ని ఎవరూ కాపీ అనలేదు. పెళ్లి కార్డు మీద ‘శుభమస్తు’ ఎలాగో అదీ అలాగే.

తర్వాత టైటిల్ కింద చిన్న లైను పెట్టడం ఫ్యాషనైంది. 2002లో ‘ఇడియట్’ కింద ‘ఓ చంటిగాడి ప్రేమకథ’ అని పడింది. టైటిల్ తిట్టులా ఉంటే కింది లైను దాన్ని మెత్తబరిచింది. అంటే ఆ లైనుకు ఒక పని ఉంది. దాని తర్వాత మా దగ్గరికి వచ్చిన షార్ట్ ఫిల్మ్ పోస్టర్లలో ‘ఓ ఫలానావాడి ఫలానా కథ’ లేనివి తక్కువ. ‘ది బిగినింగ్’ కూడా అంతే. 2015లో ‘బాహుబలి’ కింద ఆ మాట పెట్టారంటే కథ నిజంగానే సగంలో ఆగింది కాబట్టి. 2017లో ‘ది కన్‌క్లూజన్’ వచ్చి ముగించింది. టికెట్ కొన్నవాడికి ముందే చెప్పాల్సిన సంగతి అది. ‘హిట్’ సిరీస్‌లో 2020, 2022, 2025లలో ‘ఫస్ట్ కేస్’, ‘సెకండ్ కేస్’, ‘థర్డ్ కేస్’ అని వరస పెట్టారు. పోలీసు కథలు కాబట్టి కేసు నంబరు సరిగ్గా అతికింది. ఆ మాటకొక ఉద్యోగం ఉంది. అదే మాటను తెచ్చి రెండో భాగమే లేని కథకు పెడితే జీతం తీసుకుని పని చేయని గుమస్తాలా మూలన కూర్చుంటుంది.

హాలీవుడ్ వాళ్లేమీ తక్కువ తినలేదు. 1987లో ‘జాస్’ నాలుగో భాగానికి ‘ఈసారి ఇది పర్సనల్’ అనే అర్థం వచ్చే లైను పెట్టారు. సొరచేపకు పర్సనల్ పగ ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన దగ్గర ‘ఈసారి లెక్క వేరు’ అంటాం కదా, దానికి పెద్దన్న లాంటిది. అదే 1979 నాటి ‘ఏలియన్’ పోస్టర్ చూడండి. అంతరిక్షంలో నువ్వు అరిచినా ఎవరికీ వినపడదు అని దాని లైను. దాన్ని ఇంకో సినిమా మీద పెట్టలేం. గాలి లేని చోటే కథ జరగాలి.

పిల్లలతో ఇదంతా చెప్తే తలలూపారు. డైరెక్టర్ మాత్రం, "అన్నా, మనది చిన్న సిరీస్. పెద్ద సినిమా మాట పెడితే పెద్దగ కనబడతది" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు. వాళ్లు ఆ మాటను దొంగిలించలేదు, దాని నీడలో నిలబడదామనుకున్నారు. ఫంక్షన్‌కు పోయేటప్పుడు పక్కింటివాళ్ల నగ అడిగి పెట్టుకున్నట్టు. చూసేవాళ్లకు అది ఎవరి నగో తెలుసన్నదే చిక్కు.

వాదించడం మానేసి చీటీలు రాశాను. నా కంప్యూటర్లో పాత పోస్టర్లు చాలా ఉన్నాయి. వాటిలోంచి ట్యాగ్‌లైన్లు ఏరి పన్నెండు చీటీల మీద రాసుకున్నాను. ‘వేట మొదలైంది’, ‘ఓ పల్లె కథ’, ‘ఈసారి లెక్క వేరు’, ‘నిజ జీవిత సంఘటనల ఆధారంగా’, ‘ఓ మనసు చెప్పిన కథ’, ఇలాంటివి. దాచుకోవడమెందుకు, వీటిలో సగం నా చేత్తో వేసినవే. కింద చాయ్ హోటల్లో పోస్టర్లను టైటిల్ మూసి బల్ల మీద పరిచాం. ఏ లైను ఏ పోస్టర్‌దో చెప్పమని పిల్లలను అడిగాను. ‘వేట మొదలైంది’ దెయ్యం కథ మీద కూర్చుంది, ప్రేమకథ మీద కూర్చుంది, హోటల్ గోడకు అంటించిన కానిస్టేబుల్ కోచింగ్ సెంటర్ పోస్టర్ మీద ఇంకా బాగా కూర్చుంది. ఆ చివరిది చూసి డైరెక్టరే ముందు నవ్వాడు.

అప్పటి నుంచి మా షాపులో దీన్ని అతుకు పరీక్ష అంటున్నాం. లైను రాసిన చీటీని ఇంకో పోస్టర్ మీద పెట్టాలి. అతికిందా, చింపేయాలి. ఎన్ని పోస్టర్ల మీద అతికితే అంత చెత్త లైను.

వారం తర్వాత పిల్లలు ఫోన్లో నలభై దాకా లైన్లు రాసుకొచ్చారు. ‘నీటి కోసం ఓ పోరాటం’. ‘ప్రతి చుక్కా ఓ కన్నీటి కథ’. ‘భూమి గుండెల్లో ఏముంది?’. ఒక్కటీ నిలబడలేదు. నీళ్ల కథ అనగానే నీరు, కన్నీరు ప్రాస దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మీరు రాసినా, నేను రాసినా, ఎనిమిదో తరగతి పిల్లాడు వ్యాసరచన పోటీలో రాసినా మొదట వచ్చేది అదే. మొదట వచ్చేది అందరికీ వస్తుంది. నేను కూడా రెండు రోజులు కూర్చుని పదిహేను రాశాను. వాళ్లవాటికన్నా నావి కొంచెం నునుపుగా ఉన్నాయేమో గానీ అతుకు పరీక్షలో అవీ పోయాయి.

షూటింగ్‌కు సౌండ్ రికార్డు చేయడానికి నిజం బోరు పడే చోటికి పోతున్నామని డైరెక్టర్ చెప్పాడు. నేనూ వస్తానన్నాను. మొదటి రోజే చేయాల్సిన పని నెల తర్వాత చేశాను.

రాత్రి పూట బోరు వేయడం చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. తమిళనాడులోని తిరుచెంగోడు బండ్లంటే మా వైపు అందరికీ తెలుసు. ముందు రిగ్గు బండి, వెనక కంప్రెసర్ బండి, రెండూ లారీలే. పొద్దున ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ లేచి నిలబడ్డ చోట పాయింట్ పెట్టాడు. అక్కడే సున్నంతో గీత, దాని మీద రెండు అగరుబత్తులు. మట్టి ఉన్నంత వరకూ కేసింగ్ పైపు దించారు. ఎర్రదుమ్ము పోయి బూడిదరంగు దుమ్ము మొదలైంది, అంటే రాయి తగిలింది. నల్లగొండ నేలకింద చాలావరకు గ్రానైట్ రాయే. నీళ్లుండేది దాని పగుళ్లలో. పగులు దొరికితే దుమ్ము బురదవుతుంది, దొరక్కపోతే తెల్లగా లేస్తూనే ఉంటుంది. లైట్ల వెలుగులో ఆ దుమ్ము మొహాల మీద, వెంట్రుకల మీద పడి అందరూ ముసలివాళ్లలా కనిపించారు.

బిల్లు ఫీట్ల లెక్కన. కొంత లోతు దాటితే ఫీటు రేటు పెరుగుతుంది. అందుకే రైతు భార్య రాడ్డు (లోతు పెరిగేకొద్దీ ఒకదానికొకటి కలుపుతూ దించే ఇనుప గొట్టం) దిగిన ప్రతిసారీ ఒక చిన్న రాయి తీసి కొంగులో వేసుకుంటోంది. బండివాళ్ల లెక్క మీద ఆమెకు నమ్మకం లేదు. డ్రైవర్‌కు తెలుగు రాదు. కానీ ‘నీళ్లు’, ‘ఆపు’, ‘ఇంకా’ అన్న మూడు మాటలు వచ్చు. ఒక చోట అతను మిషన్ ఆపి రైతు వైపు చూశాడు. చేయి అడ్డంగా ఊపాడు, లేదు అన్నట్టు. ఒక్కసారిగా చప్పుడాగేసరికి చెవుల్లో గుయ్యిమంది.

రైతు ఆ గుంత వైపే చూస్తూ, "ఇంకొక్క రాడ్డు దింపుండ్రి" అన్నాడు.

దింపారు. తెల్లదుమ్మే. మళ్లీ ఆపారు. "ఇంకొక్కటే" అన్నాడు. ఆమె కొంగులో రాళ్లు సర్దుకుంది గానీ ఏమీ అనలేదు. మూడోసారి కూడా ఆయన ‘ఒక్క’ అనే అన్నాడు. రెండు అనలేదు, మూడు అనలేదు. ఎంత లోతుకు పోయినా అడిగేది ఒక్కటే.

నేను, డైరెక్టర్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతని స్క్రిప్టులో సరిగ్గా ఆ చోట రైతు భూమాతను ఉద్దేశించి మాట్లాడే ఒక పేజీ డైలాగు ఉంది. మర్నాడు ఆ పేజీ కొట్టేశాడు. నాకు తెలిసి ఆ సిరీస్‌కు జరిగిన గొప్ప మేలు అది, నా పోస్టర్ కాదు. నీళ్లు పడ్డాయా అని అందరూ అడుగుతారు. పడ్డాయి, ఇంచు నీళ్లు. మోటర్ దించాలా వద్దా అన్న గొడవ ఆ ఇంట్లో తర్వాత చాలా రోజులు నడిచిందట.

ట్యాగ్‌లైన్ దొరికింది, ‘ఇంకొక్క రాడ్డు’ అని సంబరపడుతూ తిరిగొచ్చాం. పొద్దున షాపు తీసి పెద్ద అక్షరాల్లో టైపు చేశాను. మా షాపులో కుర్రాడు స్క్రీన్ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సినిమా బాగాలేకపోతే ఈ కాలం పిల్లలు ‘రాడ్డు’ అంటారు. ‘పెద్ద రాడ్డు దింపిండ్రు’ అంటే అర్థం చెప్పక్కర్లేదు. పైగా ఈ సిరీస్‌కు మొదట అనుకున్న టైటిల్ ‘బోరు’. బోరు కొట్టిందంటారేమోనని భయపడి దాన్ని వాళ్లే మార్చారు. (ఇప్పటి టైటిల్ వాళ్ల మాట మీద ఇక్కడ రాయడం లేదు. నీళ్లకు సంబంధించిన ఒక్క మాట అనుకోండి.) టైటిల్ గండం దాటి ట్యాగ్‌లైన్ గోతిలో పడ్డాం. కామెంట్లు రాసేవాడికి ఇక పనే మిగలదు. అయినా రెండు రోజులు మొండికేశాను, ఊళ్లో ఎవరూ ఆ అర్థంలో తీసుకోరని. ఊళ్లో తీసుకోరు, నిజమే. యూట్యూబ్‌లో మొదటి కామెంటే అదవుతుంది.

మార్గం చెప్పింది మేనమామ. చేతులకు గ్రీజుతో వచ్చి, సంగతి విని, మా పంచాయితీ ఏంటో అర్థం కానట్టు చూశాడు. "రాడ్డంటే ఇరవై ఫీట్లే కద తమ్మీ. గదే రాయరాదు?"

‘ఇంకో ఇరవై ఫీట్లు’. అంతే, అయిపోయింది. బోరు వేయించుకున్న వాడికి వెంటనే ఎక్కుతుంది, వేయించుకోని వాడు ఏంటిదని ఆగుతాడు. చీటీ మీద రాసి చాయ్ హోటల్లో అన్ని పోస్టర్ల మీదా పెట్టి చూశాం. కోచింగ్ సెంటర్ పోస్టర్ మీద కూడా నిలబడలేదు.

ఆ మూడు మాటల మీద కూడా పంచాయితీ నడిచింది. ‘ఇంకో’ తీసి ‘మరో’ పెడదామన్నారు. ‘మరో’ పేపర్ మాట. చేను గట్టు మీద నిలబడి ‘మరో ఇరవై’ అనే మనిషిని నేను చూడలేదు. తెలుగు చెప్పే మిత్రుడొకాయన ‘ఫీట్లు’ ఎందుకు, ‘అడుగులు’ ఉంది కదా అన్నాడు. పెట్టి చూశాను. ‘ఇంకో ఇరవై అడుగులు’ అంటే నడుస్తున్నట్టుంది. గమ్యం, పట్టుదల, విజయం అని చెప్పే వ్యక్తిత్వ వికాసం పుస్తకం అట్టలాగా ఉంది. పైగా బోరు దగ్గర అడుగులని ఎవరంటారు? అంకెలో ‘20’ అని వేస్తే ఇంకో తమాషా, ప్లాట్ల ప్రకటనలో రోడ్డు వెడల్పులా కనిపించింది. అక్షరాల్లోనే ఉంచేశాం.

పోస్టర్‌లో టైటిల్ పైన పెట్టి, ట్యాగ్‌లైన్‌ను దానికి ఆనించకుండా అట్టడుగుకు దించాను. మధ్యలో వట్టి మట్టి రంగు, ఒక సన్నటి గీత. చూపు అంత దూరం దిగితే గానీ లైను దొరకదు. ఫ్లెక్సీ మీద ఇది బ్రహ్మాండంగా వచ్చింది. థంబ్‌నెయిల్ దగ్గర దెబ్బతిన్నాను. 1280 బై 720 పిక్సెళ్ల బొమ్మ ఫోన్లో అగ్గిపెట్టె అంత కనిపిస్తుంది, కింద కుడిమూల యూట్యూబ్ వాడి టైము పడుతుంది. నా ‘ఫీట్లు’ కాస్తా ఆ నల్లడబ్బా కిందికి పోయింది. తర్వాత ఎడమకు జరిపి సైజు పెంచాను. లోతు పోయింది, మాట మిగిలింది.

మధ్యలో ఒకసారి డైరెక్టర్‌కు కేసు టెన్షన్ పట్టుకుంది, ఎవరిదైనా లైను మనదానితో కలిస్తే ఏమవుతుందని. టైటిల్ గొడవలు వేరే సంగతి. సినిమా వాళ్లు ఫిల్మ్ ఛాంబర్లో టైటిల్ రిజిస్టర్ చేయించుకుంటారు. 2010లో ‘ఖలేజా’, ‘కత్తి’ పేర్లు అప్పటికే వేరేవాళ్ల దగ్గర ఉన్నందుకే ఆ సినిమాలు హీరోల పేర్లు ముందు తగిలించుకుని ‘మహేష్ ఖలేజా’, ‘కళ్యాణ్‌రామ్ కత్తి’గా వచ్చాయి. చట్టం వైపు నుంచి చూస్తే, ‘దేశీ బాయ్జ్’ కేసులో 2015లో సుప్రీంకోర్టు వట్టి టైటిల్‌కు కాపీరైట్ ఉండదని చెప్పింది. టైటిల్‌కే లేనప్పుడు కింద ఉండే మూడు మాటలకు కాపీరైట్ ఎక్కడిది? ట్యాగ్‌లైన్ ఊరుమ్మడి బావి లాంటిది, ఎవరైనా తోడుకోవచ్చు. అందుకే అందులో అన్ని బొక్కెనలు.

అంతా మేం అనుకున్నట్టే అయిందని చెప్తే అబద్ధం. మేనమామకు లైను నచ్చింది, కానీ మనసులో ధైర్యం చాలలేదు. మొదటి మూడు ఎపిసోడ్ల థంబ్‌నెయిళ్ల మీద ‘బేస్డ్ ఆన్ ట్రూ ఈవెంట్స్’ కూడా వేయించాడు. డబ్బు ఆయనది, వేశాను. రెండు లైన్లు ఒక అగ్గిపెట్టెలో కొట్టుకున్నాయి. ఏ థంబ్‌నెయిల్ వల్ల ఎవరు చూశారో విడదీసి చెప్పే దారి దాంతో మూసుకుపోయింది. అక్కడ గట్టిగా నిలబడకపోవడం నా తప్పే. ప్రెస్ నోట్ పంపితే ఒక లోకల్ పేపర్ నాలుగు లైన్లు వేసింది. డెస్కులో ఎవరో భాష సరిచేసి, ‘మరో ఇరవై అడుగులు అనేది ఉపశీర్షిక’ అని అచ్చేశారు.

ఫ్లెక్సీల్లో ఒకటి మేనమామ తన షాపు ముందే కట్టించాడు. రెండోది కొంచెం ముందుకు పోయాక నలుగురు కూడే చోట కట్టారు. దాని ఎదురుగానే ఒక బోర్ల ఏజెంట్ ఆఫీసుంది, మేం చూసుకోలేదు. మూడో రోజు ఆయన నుంచి ఫోన్. "అన్నా, గా ఫ్లెక్సీ తీపియ్యరాదు. బోరు మాట్లాడనీకొచ్చినోళ్లు అది సదివి, ఒకలమొకం ఒకలు జూస్కొని పోతుండ్రు."

పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. స్పెల్లింగ్ తప్పుందని, ఫొటో చిన్నగా వేశారని, పేరు కింద పడిందని ఫ్లెక్సీలు తీయించారు. టైటిల్ కింది లైను చదివి తీసేయమన్నది ఆయనొక్కడే. మేనమామ మర్యాదస్తుడు, బస్టాండు వైపు మార్పించాడు.

మొన్న డైరెక్టర్ మళ్లీ వచ్చాడు, రెండో సీజన్ రాస్తున్నారట. ఈసారి కథ బోరు గురించి కాదు, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ చివరి భూముల గురించి, నీళ్ల వంతు కోసం రాత్రుళ్లు తూము దగ్గర కాపలా పడుకునేవాళ్ల గురించి. వినడానికి బాగుంది. ఫోన్ తీసి పోస్టర్ చూపించాడు. టైటిల్ పక్కన 2, కింద అదే అక్షరాల్లో ‘ఇంకో నలభై ఫీట్లు’.

"కాలువకు ఫీట్లేంది తమ్మీ?" అన్నాను.

"పోయినసారి అదే కద అన్నా క్లిక్కయింది."

రెండు చాయ్‌లు చెప్పి, కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడిగాను.